ముందే చెప్పేసిన సాక్ష్యం

మా సంఘంలో సాక్ష్యాల సమయమంటే నాకు చిరాకు. దేవుడి మీద కాదు, చెప్పేవాళ్ళ మీద. ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు "దేవుడు చేసిన మేలు ఎవరైనా చెప్పుకుంటారా" అని అడగడమే ఆలస్యం, కొడుక్కి ఉద్యోగమొచ్చిందని చెప్పడానికి లేచినావిడ వాడు పుట్టినప్పటి జలుబు దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. ఒక్క ముక్కలో తేలే జవాబుకి పేజీలు నింపే పిల్లల్ని ఉద్యోగమంతా భరించాను, ఇప్పుడు పెద్దవాళ్ళని భరిస్తున్నాను.

మా పక్కింటి మరియమ్మ నాకు నచ్చడానికి అదో కారణం. ఆవిడ ఎన్నడూ సాక్ష్యానికి లేవలేదు. కొబ్బరిపీచు మిల్లులో పనిచేసి, మొగుడు పోయాక ఒక్క కొడుకునీ పెంచుకొచ్చిన మనిషి. "మీరూ ఓ మాట చెప్పొచ్చు కదమ్మా" అంటే, "నాకేముందండీ చెప్పుకోడానికి, బతికేస్తన్నాం కదా" అని నవ్వేసేది. అలాంటి మనిషి ఒక ఆదివారం లేచి నిలబడింది. అదీ, ఇంకా జరగని దాని గురించి. దాంతో పీకల్దాకా చిక్కులో పడింది ఆవిడ కోడలు లిడియా. నేను చెప్పబోయేది ఆ పిల్ల సంగతే.

లిడియాది అంతర్వేది వైపు. తండ్రి బోటు మీద వేటకెళ్ళేవాడు. డిగ్రీలో కంప్యూటర్లు చదివింది గాని, ఆ చదువు చేతిలోకి రాకముందే పెళ్ళయి రాజోలు దగ్గర మా పేటకి వచ్చేసింది. మొగుడు మోషే ఫ్రిజ్జులూ ఏసీలూ బాగుచేస్తాడు. వాడెంత నెమ్మదైనవాడంటే, అవునన్నాడో కాదన్నాడో తెలియాలంటే మనం రెండోసారి అడగాలి. పిల్లలు బడికెళ్ళే వయసొచ్చాక లిడియా రాజోల్లో శివాజీ గారి కేబులు ఆఫీసులో చేరింది. టీవీతో పాటు ఇంటర్నెట్టు కూడా ఇచ్చే ఆఫీసు. ఉడతలు కొబ్బరిచెట్ల మీద వైరు కొరికినా, కుర్రాళ్ళ ఆట మధ్యలో ఆగిపోయినా తిట్లు మాత్రం ఫోను దగ్గర కూచున్న లిడియాకే. "ఆయ్, మనిషిని పంపిస్తానండి" అనడం, పంపించడం, అదీ ఆ పిల్ల ఉద్యోగం.

కిందటేడు ఆ ఆఫీసుకి పెద్ద కంపెనీతో ఒప్పందం కుదిరింది. లైన్లన్నిటినీ తెర మీద చూసుకునే కంట్రోలు రూము పెట్టాలి, అందులో కూచునే మనిషికి నెట్‌వర్కింగులో మొదటి మెట్టు సర్టిఫికెట్టు ఉండాలి. శివాజీ గారు మర్యాదస్తుడు, ఉన్నమాట ఉన్నట్టు చెప్పాడు. "లిడియా గారూ, మీరు పరీక్ష పాసయ్యేరంటే ఆ కుర్చీ మీదేనండి. అవకపోతే భీమవరం నుంచి ఎవర్నో తెచ్చుకోవాలి. ఫోన్ల పని కూడా ఇంక యాప్‌లోకి పోతందండి." అంటే పాసైతే పైకి, లేకపోతే ఇంటికి.

అలా ఆ పిల్ల సాయంత్రం పూట మా వరండాలోకి వచ్చి పడింది. "టీచరుగారండీ, పుస్తకమంతా ఎక్కుతంది గాని లెక్కలు మాత్రం ఎక్కట్లేదండి" అంది. ఏం లెక్కలంటే, ఒక పెద్ద నెట్‌వర్కుని చిన్న చిన్న వాటాలుగా విడగొట్టి, ఒక్కో వాటాలో ఎన్ని కంప్యూటర్లకి చోటుంటుందో చెప్పాలి. నాకు రూటరంటే ఏమిటో తెలీదు. కాని రెండుతో హెచ్చవేయడం తెలుసు, తీసివేత తెలుసు. "రెండువందల యాభైఆరులోంచి నూటతొంభైరెండు పోతే ఎంతే?" అన్నాను. "అరవైనాలుగండి." "మరి అరవైనాలుగు కంప్యూటర్లకి చోటుందన్నమాట." "ఆయ్... కాదండి! అరవైరెండేనండి." వాటాలో మొదటి నంబరు పేటకి పెట్టిన పేరు లాంటిదట, చివరిది పేటంతటికీ కలిపి వేసే కేకట. ఆ రెంటినీ ఏ ఒక్క ఇంటికీ ఇవ్వకూడదట. ఇంత బాగా చెప్పిన పిల్ల, కాగితం మీదికొచ్చేసరికి ఆ రెండూ తీసెయ్యడం మర్చిపోయేది. ప్రతిసారీ! నేను బెత్తం వాడిన కాలం దాన్ని, చెయ్యి దురద పుట్టేది.

ఫోన్లో నమూనా పరీక్షలు రాస్తుండేది. వరసగా ఎర్ర అక్షరాలే వచ్చేవి, ఫెయిలని. ఒక శనివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో రాస్తుంటే మొదటిసారి ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. ఈ పిల్ల ఎగిరి గంతేసి, చేపలు తోముకుంటున్న అత్తగారిని అలాగే వాటేసుకుని, ఫోను చూపించి "పాసయ్యేనండీ అత్తయ్యగారూ!" అని అరిచిందట. ఆ అరుపు నాకూ వినబడింది. నాకు తెలుసు గనక, నమూనా పరీక్షలే అనుకుని ఊరుకున్నాను. మరియమ్మకి నమూనా ఏదో అసలేదో ఎవరు చెప్పారు? ఆవిడకి తెలిసిందల్లా కోడలి మొహం. ఇన్నాళ్ళూ వాడిపోయి ఉన్న మొహం అలా విప్పారింది, చాలు.

మర్నాడు అయ్యగారు అడగ్గానే లేచింది. "సంఘానికి వందనాలండి. మా కోడలు కంప్యూటరు పరీక్ష పాసైపోయిందండి. దేవుడికి స్తోత్రమండి." అంతే, కూచుంది. మా సంఘంలో అంత పొట్టి సాక్ష్యం నేనెప్పుడూ వినలేదు. జనమంతా చప్పట్లు కొట్టారు. పాటల వాళ్ళలో ముందు వరసలో ఉన్న లిడియా వైపు చూశాను. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని ఉంది.

ఆరాధనయ్యాక నేరుగా మా దొడ్లోకి వచ్చింది. "ఇప్పుడేం చెయ్యాలండీ టీచరుగారూ? పరీక్ష వచ్చే నెలండి!" అంది.

"ఏముంది, అసలు సంగతి మీ అత్తగారికి చెప్పు" అన్నాను.

"నా నోరు రాదండి. ఇన్నేళ్ళలో మొదటిసారి లేచేరండి ఆవిడ. బయట ఆడాళ్ళంతా ఆవిడ చెయ్యి పట్టుకుని మెచ్చుకుంటున్నారు, చూసేరు కదండీ. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటానండి. నేను ఫెయిలైతే అత్తయ్యగారు సంఘంలో అబద్ధం చెప్పినట్టవుద్దండి."

ఆమె భయం ఉద్యోగం మీంచి అత్తగారి మాట మీదికి మారిపోయింది. ఎవరికీ చెప్పనని నా చేత మాట తీసుకుంది. సరే అన్నాను.

అంతటితో అయితే బాగుండేది. మంగళవారం మరియమ్మ మా రెండిళ్ళ మధ్య గోడ దగ్గరికి వచ్చి, చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "టీచరుగారండీ, మా మోషే ఓ మాటన్నాడండి. పిల్ల అసలు పరీక్ష ఇంకా రాయలేదంటండి. నిజమేనా?" మౌనముని నోరు విప్పాడన్నమాట, అదీ విప్పకూడని చోట. నేను అబద్ధం ఆడలేను, అవునన్నాను. మరియమ్మ గోడ మీద సున్నం గోకడం మొదలుపెట్టింది.

"వచ్చే ఆదివారం లేచి, పొరపాటైందని చెప్పెయ్యండి. ఒక్క ముక్క" అన్నాను.

"వద్దండి. ఇప్పుడు నేను లేచి కాదని చెప్పేననుకోండి, పిల్ల జంకుతాదండి. అత్త నా మూలంగా తల దించుకుందని అదే మనసులో పెట్టుకుంటాది. ముందు రాసి రానివ్వండి. అవకపోతే తప్పు నాదని నేనే చెప్పుకుంటాను. నాకు తెలుసని మాత్రం దానికి చెప్పకండేం!"

చూడండి నా ఖర్మ. కోడలికి తెలిసింది అత్తకి తెలీదని కోడలనుకుంటోంది. అత్తకి తెలిసిందని కోడలికి తెలీకూడదని అత్త అంటోంది. ఇద్దరూ నా గోడ దగ్గరే నిట్టూరుస్తారు, ఒకళ్ళు పొద్దున, ఒకళ్ళు సాయంత్రం. నోటికొచ్చింది అనెయ్యడం నా స్వభావం. ఆ నెల నేను పడ్డ అవస్థ పరీక్ష రాసిన పిల్ల కూడా పడలేదు.

సాక్ష్యం విన్న జనం ఊరుకుంటారా? పాసైన మనిషి కదాని ఇంటింటికీ పిలవడం మొదలుపెట్టారు. వైఫై రావట్లేదని ఒకళ్ళు, మేడ మీద అందట్లేదని ఒకళ్ళు. మలికిపురం వైపు సత్యదుర్గారావు గారని రొయ్యల రైతు, చెరువు గట్టున కాపలాకి రెండు కెమెరాలు పెట్టించుకున్నాడు. ఒకటి కనబడితే రెండోది మాయమవుతోందని కబురంపాడు. ఆఫీసు లైనుమన్ వైర్లన్నీ మార్చి విసిగిపోయాడట. లిడియా వెళ్ళి చూస్తే, పెట్టినవాడు రెండు కెమెరాలకీ ఒకే నంబరు ఇచ్చేశాడు. ఒకదానికి మార్చింది, రెండూ వచ్చాయి. తిరిగొచ్చి మా వరండాలో చెప్పులైనా విప్పకుండా, "పుస్తకంలో ఉన్నదేనండీ టీచరుగారూ, అక్కడ గట్టు మీద కళ్ళారా చూసేను!" అంది. నంబరు తప్పిస్తే ఏమవుతుందో చూసిందేమో, ఆ రోజు నుంచి లెక్కల్లో ఆ రెండూ తీసెయ్యడం మర్చిపోలేదు. నాకు మొదటిసారి ఈ పిల్ల గట్టెక్కుతుందేమో అనిపించింది. పైకి మాత్రం, "సరే, ఇంకో పది చెయ్యి" అన్నాను.

పరీక్ష బుధవారం, విజయవాడలో. ఆఫీసు పని మీద వెళ్తున్నామని అత్తగారికి చెప్పి, తెల్లవారుజామున మొగుడూ పెళ్ళాం బస్సెక్కారు. "క్షేమంగా వెళ్ళి రండమ్మా" అని సాగనంపిన మరియమ్మ, బస్సు కదలగానే ఇంటికొచ్చి తలుపేసుకుని మోకాళ్ళ మీద కూచుంది. పొద్దెక్కాక నేను ఇడ్లీలు పట్టుకెళితే ముట్టుకోలేదు. "మీరు తినకపోతే కంప్యూటరుకి ఎలా తెలుస్తుందమ్మా" అన్నాను. "దేవుడికి తెలుస్తాది కదండి" అంది. నాకూ ఇడ్లీ దిగలేదు.

మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల ఏడుపు.

"ఏడుపాపి చెప్పవే! ఏమైంది?"

"అయ్యిందండీ... పాసండి. అసలు పరీక్షేనండి. తెర మీద వచ్చేసిందండి!"

గుమ్మంలోనే కూచున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నా సొంత పరీక్షలు పాసైనప్పుడు కూడా అంత హాయి లేదు. లిడియా ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది. "అందరికంటే ముందు అత్తయ్యగారికి చెప్పాలనుందండి. చెప్పలేనండి. ఆవిడకి నేను ఎప్పుడో పాసైపోయేను కదండీ!" ఆ మాటకి నేనూ నవ్వాను గాని, ఎక్కడో కలుక్కుమంది.

ఫోను పెట్టేసరికి మరియమ్మ గోడ అవతల నిలబడి ఉంది. నేనే తలూపాను. ఆవిడ బట్టలుతికే రాయి మీద కూచుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. తరవాత లేచి పొద్దుటి ఇడ్లీలు అడిగి అన్నీ తినేసింది. రాత్రికి కోడికూర వండింది. "ఏంటండీ అత్తయ్యగారూ, బుధవారం పూట కోడి?" అని లిడియా అడిగితే, "ఊరికేనమ్మా, తినాలనిపించింది" అందట. హమ్మయ్య, ఇద్దరి పరువూ దక్కింది, ఇంక నా నోటికీ విడుదల అనుకున్నాను. సంఘంలో చెప్పిన మాట నిజమైపోయింది, ఏ రోజు నిజమైందో లెక్కలడిగేవాళ్ళు ఎవరు?

ఆదివారం అయ్యగారు ఎప్పటిలా అడిగారు. నా పక్కన చాప మీంచి మరియమ్మ లేచింది. ఎందుకు లేచిందో నాకు అర్థమై, కొంగు పట్టుకుని లాగాను. విడిపించుకుంది.

"సంఘానికి వందనాలండి. పోయిన నెల నేను చెప్పింది నిజం కాదండి. అప్పటికి మా పిల్ల పరీక్ష రాయలేదు. ఫోన్లో పచ్చ అక్షరాలు చూసి నేనే తొందరపడ్డాను. నన్ను అబద్ధాలదాన్ని చెయ్యకూడదని మా పిల్ల ఎవరికీ చెప్పుకోకుండా, తిండి కూడా సయించక చదివిందండి. నాకు తెలుసు. నాకు తెలుసని దానికే తెలీదు. మొన్న బుధవారం పాసైందండి. దేవుడు నన్ను క్షమించాలి, మీరూ క్షమించాలి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాటల వాళ్ళ వరసలోంచి లిడియా లేచి, ఆడవాళ్ళ చాపల మధ్య నుంచి, ఎవరి కాళ్ళు తొక్కుతోందో కూడా చూడకుండా వచ్చి అత్తగారి ఎదురుగా కూలబడింది. ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. బుధవారం నుంచి చెప్పకుండా ఆపుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"పాసయ్యేనండీ, అత్తయ్యగారూ!"

అప్పుడే తెలిసినదానిలా మరియమ్మ కోడలి మొహం చేతుల్లోకి తీసుకుని, "నిజంగానా తల్లీ!" అంది.