గుడ్ల పీతల దారి

వీధిలో అందరూ ఆవిడను పీతలక్క అంటారు. మోకాలి లోతు బురదలో దిగి, మడచెట్ల వేర్ల మధ్య చెయ్యి పెట్టి పీతను పట్టడంలో ఆవిడకు సాటి లేరు. అడవిని చూసి చేతులు జోడించే రకం కాదు. ఆవిడ లెక్కలో అడవి అంటే ఇంట్లో నలుగురి కంచాల్లోకి వచ్చే అన్నం.

ఆ అన్నం తగ్గింది కనకనే ఒక పాయలో వేట, చెట్లు కొట్టడం మానేద్దామని వీధిని ఒప్పించింది. అడవిని కాపాడమని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు అది కోలుకునేంతవరకు పొయ్యి ఎలా వెలుగుతుందో చెప్పరు. ఆవిడ చెప్పింది: పక్క పాయల్లో పట్టుకుందాం, గుడ్లున్న పీత ఎక్కడ దొరికినా తెచ్చి ఇందులో వదులుదాం. దొంగలు రాకుండా పాయ మూతికి అడ్డంగా వల కూడా తనే కట్టింది.

రెండేళ్ళయినా పక్క పాయల్లో వేసిన పీతల బోన్లు ఖాళీగానే లేస్తున్నాయి. ఇక పీతల తూకం షెడ్డులో కూర్చుని పాయ తెరవడమా మానడమా తేల్చేద్దామన్నారు వీధివాళ్ళు. తెరిస్తే బోన్ల వెనకే గొడ్డళ్ళూ వెళతాయని ఆవిడకు తెలుసు.

"వదినా, నీ పీతలు సన్యాసం పుచ్చుకున్నట్టున్నాయి," అన్నాడు మరిది. వల కింద నుంచి దూరి వేటాడతాడని వీధంతా ఎరిగిన పెద్దమనిషి.

"వాగింది చాలు, పడవ తొయ్యి. వల చూసొద్దాం."

ఆటు నీరు సముద్రంలోకి లాగుతోంది. గుడ్ల పీతలు లోపలివైపు నుంచి వలను పట్టుకుని, ఒకదాని మీదొకటి ఎక్కి, కాళ్ళు ఇరుక్కుని ఉన్నాయి. కొన్ని చచ్చిపోయాయి.

"పారిపోతున్నాయే!" అన్నాడు మరిది.

ఆవిడ ఒకదాన్ని విడిపించి తిప్పి చూసింది. "కడుపు మోసుకుని ఎవతి పారిపోతుందిరా? గుడ్లు వదలడానికి సముద్రానికి పోతున్నాయి. నొప్పులొచ్చిన దాన్ని గదిలో పెట్టి గొళ్ళెం వేశాను," అంటూ కత్తి తీసి వలను ఈ చివర నుంచి ఆ చివరకు కోసేసింది.

ఆ తడి వలను తెచ్చి షెడ్డులో అందరి ముందూ తూకం బల్ల మీద పడేసింది. "తప్పు నాది. ఇంకొక్క ఏడాది ఇవ్వండి."

"వల ఉంటేనే దొంగలు ఆగలేదు. ఇప్పుడెవరు ఆపుతారే?" అంది పక్కింటి పిన్ని.

"మనమే, వంతులేసుకుని. మొదటి వంతు మా మరిదిది. దొంగదారులన్నీ వాడికే తెలుసు."

షెడ్డు పగలబడి నవ్వింది. మరిది చెవులు ఎర్రబడ్డాయి. అయినా లేచి నిలబడి, "సరే వదినా," అన్నాడు. ఆ నవ్వులోనే ఏడాది గడువు దొరికింది.

మరుసటి ఏడు పోటు నీటితో వచ్చిన పీతపిల్లలు గోటంత ఒంటితో వేర్ల నిండా పాకాయి. అవి ఎదిగేకొద్దీ పక్క పాయల్లో బోన్లు బరువెక్కాయి. కారే ఇంటికప్పుల మీద కొత్త రేకులు పడ్డాయి.

ఒక సాయంత్రం పీతలక్క బోను తాడు తెగి, మూసిన పాయలోకి కొట్టుకుపోయింది. వెంట వెళ్ళబోతే మరిది పడవ అడ్డం వచ్చింది.

"బయటే ఉండు వదినా. నేను తెస్తా."

"నాకే చెబుతున్నావా? ఈ పాయ మూయించింది ఎవరనుకున్నావు?"

"నువ్వే. అందుకే చెబుతున్నా, పడవ తిప్పు."

వాడు తెచ్చిన బోనులో చెయ్యంత పీత ఉంది. ఆవిడ కళ్ళముందే దాన్ని నీళ్ళలో వదిలేసి, ఖాళీ బోను చేతికిచ్చాడు.

దారి పొడుగునా వాడిని తిడుతూ వచ్చింది. ఇంటికి పోకుండా పిన్ని గుమ్మంలో ఆగి, ఎదురింట్లో ఆగి, కుళాయి దగ్గర ఆగి, "నన్నే ఆపాడమ్మా, వెధవ! నన్నే!" అని వెలిగిపోతున్న మొహంతో కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పింది.