ఫ్రిజ్ కింది అరలో పది వయల్స్

2022 వానాకాలం. ఇబ్రహీంపట్నం వైపు ఒక సర్కారు దవాఖానలో నేను ఫార్మసిస్టును. మందులు తెప్పించడం, భద్రపరచడం, వార్డులకు ఇవ్వడం నా పని. ఒకప్పుడు మా తాతగారి మాట చుట్టుపక్కల ఊళ్లన్నిటా చెల్లేది. భూములు పోయాయి, కోటలాంటి మా గడి కూలింది. నా దాకా వచ్చింది ఇస్త్రీ చొక్కా, ఎవరి ముందూ చేయి చాపని అలవాటు. జీతం మీద బతకడం నాకెన్నడూ చిన్నతనంగా అనిపించలేదు. నా మాటను ఎవరైనా తరచి అడిగితే మాత్రం ఓర్చుకోలేకపోయేవాణ్ణి.

పాముకాటుకు ఇచ్చే మందును యాంటీ స్నేక్ వెనమ్ అంటారు. అది వయల్స్ అనే చిన్న సీసాల్లో వస్తుంది. ఒక మనిషికి మొదటి విడతకే పది దాకా పడతాయి. అందుకే చివరి పదింటిని ఫ్రిజ్ కింది అరలో తాళం వేసి ఉంచి, రోజూ ఆఫీసుకూ క్యాజువాలిటీకీ పంపే స్టాకు పట్టీలో చూపేవాణ్ణి కాదు. మాలో దాన్ని ‘రిజర్వ్’ అంటాం. పట్టీలో చూపితే ఏ పెద్దమనిషి ఫోనుకో మరో దవాఖానకు తరలిపోతాయని భయం. ఒకసారి అలాగే పోయాయి కూడా. కాబట్టి పట్టీలో ‘నిల్’ అని రాసి, అవి ఉన్న సంగతి క్యాజువాలిటీ నర్సుకు నోటిమాటగా చెప్పేవాణ్ణి. స్టాక్ రిజిస్టర్‌లో అన్నీ సరిగ్గానే ఉండేవి. ఆ రిజిస్టర్ నా బీరువాలో ఉండేది.

అప్పట్లో వైద్య సంస్కరణల మీద వాదన జోరుగా సాగుతోంది. ఏ మందు ఎంత ఉందో, ఏ డాక్టరు డ్యూటీలో ఉన్నారో అందరికీ కనబడేలా బోర్డు పెట్టాలన్నది ప్రతిపాదన. దాని మీద మా హాల్లో ఒక ఉదయం దవాఖాన కమిటీ కూర్చుంది.

ప్రతిపక్ష నాయకుడు బల్ల గుద్దాడు. “దవాఖాన ప్రజలది. లోపల ఏమున్నదో ప్రజలకు చెప్పనీకి ఏం రోగం?”

పాలకపక్షం ఆయన నవ్వాడు. “మీరున్నప్పుడు పెట్టిండ్రా అన్నా బోర్డు? అప్పుడు గోడకు సున్నమే లేకుండె.”

“గా ముచ్చట తర్వాత. ఇప్పుడైతే పెట్టున్రి.”

“బోర్డు చూసి జనం ఎగబడితే నువ్వు ఆపుతవా?”

నన్ను అడిగారు. లేచి నిలబడి చెప్పాను. “స్టాకు బాధ్యత నాది. ఏది ఎంతుందో నాకు తెలుసు. అందరికీ తెలియాల్సిన పని లేదు.”

“గడి కూలింది గని తాళంచెవి ఇంక నీ మొలకే ఉన్నది పటేలా!” అన్నాడు ప్రతిపక్షం ఆయన. హాలంతా నవ్వింది. నా చెవులు కాలిపోయాయి.

ఆ నవ్వు ఆగకముందే గుమ్మంలోకి ఒకామె వచ్చింది. మోకాళ్ల దాకా బురద. పేరు యాదమ్మ. శేరిగూడ అవతల నాటు వేస్తుంటే భర్త జంగయ్యను పాము కరిచిందట.

“మందు లేదంట, పట్నం తీస్కపొమ్మంటున్నరు. ఆయనకు రెప్పలు లేస్తలేవు,” అంది. “ఇంతమంది పెద్దోళ్లున్నరు గద. మందు ఉన్నదా, లేదా? ఒక్క మాట చెప్పున్రి.”

“ఇగో, నేను మొత్తుకునేది గిదే!” అన్నాడు ఒకాయన. “పై నుంచి రావాలె, మేమేం జేస్తం?” అన్నాడు ఇంకొకాయన. మళ్లీ వాదనలో పడ్డారు.

ఆమె వెనక ఒక నర్సు నా పట్టీ పట్టుకుని నిలబడి ఉంది. “నిల్ అని ఉంది కద సార్,” అంది మెల్లగా. రోజూ ఉండే సిస్టర్ సెలవులో ఉంది. ఈ అమ్మాయి ఆ ఉదయమే వేరే చోటు నుంచి డ్యూటీకి వచ్చింది. ఈమెకు నేను చెప్పలేదు. ఆ సంగతి తెలిసిన ఇద్దరిలో ఒకరు ఇంట్లో, ఒకరు ఈ హాల్లో.

ఉందంటే నా రాత అబద్ధమని రెండు పార్టీల ముందూ ఒప్పుకున్నట్టే. చప్పుడు చేయకుండా బయటికి వెళ్లి ఇచ్చేద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాను. ఆమె నా కళ్లలోకే చూసింది.

“నిన్నే అడుగుతున్న బాపు. ఉన్నదా?”

“ఉంది. పది ఉన్నాయి. పట్టీలో నేనే రాయలేదు.”

నేను పరుగెత్తాను. తాళంచెవి నిజంగానే నా మొలకే ఉంది.

డాక్టరుగారు వెంటనే మందు ఎక్కించారు. సాయంత్రానికి జంగయ్య రెప్పలు లేచాయి. సంజాయిషీ అడుగుతూ నాకు మెమో వచ్చింది. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. బోర్డు పెట్టాలని కమిటీకి నేనే కాగితం పెట్టాను. ఒప్పుకున్నారు.

బోర్డు మీద నా చేత్తోనే రాస్తాను. మళ్లీ తెప్పించిన స్టాకులో చివరి పదింటికి ‘అత్యవసరానికి’ అని వేరే వరస. ఆఫీసు పట్టీలో ఉన్నప్పుడు ఒక్క ఫోనుకు కదిలిన సీసాలు, పదిమంది చూసే గోడ మీదికెక్కాక ఇప్పటిదాకా మరో చోటికి కదలలేదు. ఇన్నేళ్లు నేను తాళం వేసి కాపాడాననుకున్నదాన్ని, నిజంగా కాపాడేది ఈ జనం చూపే. అది నాకు నేర్పింది యాదమ్మ. ఆమె ఆ గుమ్మం దాటి లోపలికి రాకపోతే నా పరువు నిలిచేది, జంగయ్య నిలిచేవాడు కాదు. ఆమె రుణం నేను మరవను.

నెల తర్వాత భర్తను చూపించడానికి వచ్చి, ఆమె బోర్డు ముందు ఆగింది.

“ఏం రాసినవ్ బాపు? నాకు సదువు రాదు.”

చదివాను.

“జర గట్టిగ సదువు. ఎనకున్నోళ్లు గూడ ఇనాలె.”

అప్పటినుంచి రోజూ ఉదయం ఓపీ మొదలయ్యే ముందు బోర్డును పైకి చదువుతాను. మా తాతగారి హుకుం ఊళ్లోకి డప్పు మీద వెళ్లేదట. విన్నవాళ్లు తల వంచడమే తప్ప ఎదురడిగింది లేదు. నేను చదువుతుంటే మాత్రం వరసలోంచి ఎవరో ఒకరు, “ఇనవడలే, మల్లొక్కసారి చెప్పు,” అంటారు.

మళ్లీ చదువుతాను.