నర్సయ్య మామ నేసిన గుడ్డ తెగని రాత్రి

నా ఉద్యోగం మీద ఒట్టు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, మధ్యలో నవ్వితే మాత్రం ఊరుకోను. ఇది ఎవరో చెబితే విన్నది కాదు. నాకు జరిగింది.

జగిత్యాల దగ్గర ఒక యూనివర్సిటీ పరిశోధన కేంద్రంలో నేను టెక్నీషియన్‌ని. గాజునూలుతో నేసిన గుడ్డను రెజిన్‌లో తడిపి, పొరల మీద పొరలు వేసి ఓవెన్‌లో ఉడికిస్తే గట్టి పలక అవుతుంది. విమానాల లోపల అలాంటివి వాడతారు. ఆ పలకలు చేసేవాళ్ళు వాటిని పట్టీలుగా కోసి మాకు తెస్తారు. మా మిషన్‌కు పైన ఒక దవడ, కింద ఒక దవడ. పట్టీని వాటి మధ్య బిగించి తెగేదాకా లాగడం, ఎంతకు తెగిందో రాసివ్వడం... ఇదీ నా పని.

మాది తంగళ్ళపల్లి. మా మేనమామ నర్సయ్యకు పక్కనే సిరిసిల్లలో నాలుగు సాంచెలుండేవి, అంటే పవర్‌లూములు. వాటిలో ఒకదాని మీద కోరుట్లలో పలకలు చేసే షెడ్డు నడిపే పురుషోత్తం సేటుకు గాజుగుడ్డ నేసిచ్చాడు. గాజునూలు గుచ్చుకుంటుంది. చేతుల నిండా దద్దుర్లు, దురద. అయినా విమానంలోకి నా గుడ్డ పోతోందని మామకు ఎంత సంబరమో!

సేటు చేసిన మొదటి పలకలు మా దగ్గర ఫెయిలయ్యాయి. సేటు షెడ్డులో ఓవెన్ నడుస్తుండగా కరెంటు పోయింది. పలక సగం ఉడికిన అన్నంలా ఉంది. నేనే ఆ మాట చెప్పాను. సేటు వింటేగా! తన షెడ్డుకు చెడ్డపేరు రాకూడదని, సిరిసిల్ల బజార్లో పదిమంది ముందు అనేశాడు.

“నర్సయ్య నేత మంచిగ లేదు. తప్పంత గుడ్డదే.”

అంతే. మామకు పని ఇచ్చేవాడే లేకుండా పోయాడు. మంచం పట్టాడు. రెండు నెలలకు పోయాడు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట.

“నా నేత మంచిదే అల్లుడా. గదొక్కటి అందరికీ జెప్పు.”

నేను చెప్పలేదు. నా మాట ఎవరు వింటారు? కానీ సేటు మీద పగ మాత్రం లోపల అట్లాగే ఉండిపోయింది.

అప్పుడు తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది. సమ్మె. బస్సులు బంద్. రోడ్ల మీద వంటావార్పు. కరెంటు పగలు ఉండేదే కాదు, రాత్రి పది దాటాక వచ్చేది. మా పరీక్షలన్నీ అప్పుడే. అలాంటి ఒక రాత్రి బండి మీద పురుషోత్తం సేటే వచ్చాడు. సంచిలో ఏడు పట్టీలు. పరీక్షకు ఐదు, స్పేరు రెండు.

“తమ్మీ, గివి పాసైతేనే హైదరాబాదోళ్ళు ఆర్డరిస్తరు. లేకుంటే షెడ్డు మూసుడే. జర మంచిగ జూడు.”

“మంచిగనే జూస్త సేటూ. మీరు బయట కూసోండ్రి.”

పట్టీ దవడల్లో నిటారుగా ఉండాలి. కాస్త పక్కకు వాలినా, ఒక అంచు మీదే లాగుడు పడి ముందే తెగిపోతుంది. కాగితం మీద మాత్రం పట్టీయే బలహీనమని వస్తుంది. నేను మొదటిదాన్ని వాల్చి బిగించాను. కావాలనే. ఠప్పున తెగింది. రెండోదీ అంతే. ఎంత హాయిగా అనిపించిందో! ఈ షెడ్డు మూతపడాలి, ఈ సేటు కూడా మంచం పట్టాలి అనుకున్నాను.

మూడోది బిగించి మీట నొక్కాను.

టక్... టక్... టక్...

మా మిషన్ సన్నగా గుయ్‌మంటుంది, అంతే. ఇది సాంచె చప్పుడు. అడ్డపోగును మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు. నేను ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాణ్ణి, పొరబడను. మా చుట్టూ మక్కచేన్లు తప్ప ఏమీ లేవు. మిషన్ ఆపాను... చప్పుడూ ఆగింది.

మెల్లగా దగ్గరికి వెళ్ళాను. పట్టీ నిటారుగా ఉంది.

జారిందేమో అనుకున్నాను. విప్పి, ఇంకా వాల్చి, పళ్ళు బిగబట్టి బిగించాను. రెండడుగులు వేసి మీట మీద చెయ్యి పెట్టి... తిరిగి చూశాను. నిటారు. మేస్త్రీ వేలాడదీసిన తూకపు దారంలా నిటారు.

ఒళ్ళంతా చల్లబడిపోయింది. అయినా కోపం తగ్గలేదు, ఉన్నమాట చెబుతున్నా.

“ఎవలైనా సరే, నాకు అడ్డం రాకు!” అన్నాను పైకే.

మీట నొక్కాను. టక్... టక్... తెర మీద గీత పైకి పోతోంది. పాసు గీత దాటింది. ఇంకా పోతోంది. తెగదే! చప్పుడు సరిగ్గా నా చెవి పక్కనే... తర్వాత ఢామ్మని తెగింది.

ముక్క తీసి లైటు కింద పెట్టాను. తెగిన చోట నీలం పోగులు. రెండు... పక్కపక్కనే.

గాజుగుడ్డలో నిలువేదో అడ్డమేదో తెలియడానికి నేతగాళ్ళు ఒక రంగుపోగు వేస్తారు. రెండు వేసేవాడు మామ ఒక్కడే. ఒకటి తెగినా ఇంకోటి ఉంటుందని. ఎంత చెప్పినా మానలేదు.

అంటే నేను ఇంతసేపూ తెంపుతున్నది మామ నేతనే. స్టూలు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మిగిలినవి, స్పేరువి కూడా, నిటారుగా బిగించి లాగాను. అన్నీ పాసు. మొదటి రెండూ నా తప్పువల్ల పాడయ్యాయని రిపోర్టులో రాసేసి బయటికి వచ్చాను.

“గీ గుడ్డ ఎవలు నేసిండ్రు సేటూ?”

సేటు తల దించుకున్నాడు. “బంద్‌ల కొత్త గుడ్డ రాలే తమ్మీ. గోదాంల పాతదుంటే...”

“ఎవలదని అడుగుతున్న.”

“నర్సయ్యది.”

“గదే మాట సిరిసిల్ల బజార్ల చెప్పు. అప్పటిదాంక రిపోర్టియ్య.”

సేటు బండెక్కబోతూ ఆగి, నా వెనక తలుపు వైపు చూశాడు.

“లోపట సాంచె వెట్టిండ్రా ఏంది? ఇందాకటి సంది ఒకటే చప్పుడు.”



రెండో రోజు సేటు బజార్లో చెప్పాడు. పదిమంది విన్నారు. మామ పేరు నిలబడింది. సేటుకు ఆర్డరూ వచ్చింది, షెడ్డూ నడుస్తోంది.

ఆ రాత్రి పట్టీని సరిచేసింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మామే అయితే... తన గుడ్డను కాపాడుకున్నాడా, ఆ సేటు షెడ్డును కాపాడాడా? రెండోదైతే మాత్రం నేను మామ మీద కూడా అలుగుతాను.