నాయిన చెవిలో రబ్బరు గొట్టం

కొత్తగూడలో మా పాత షెడ్డు కూలగొడుతున్నారని సామాను తీస్తుంటే, రేకు డబ్బాలో మూరెడు రబ్బరు గొట్టం దొరికింది. ఇప్పటికీ పెట్రోలు వాసనే.

హైటెక్ సిటీ కడుతున్న రోజులు మీకు గుర్తున్నాయా? బండలు పేల్చే ముందు విజిల్ వేస్తే అందరం చెవులు మూసుకునేవాళ్లం. మెకానిక్ అయిన మా నాయిన చేతుల్లో ఎప్పుడూ ఏదో పనిముట్టు ఉండేది. ఆయన చెవులు మూసుకోవడం నేను చూడలేదు.

అప్పుడే ఒక పెద్దాయన తన పాత ఇంగ్లండు స్పోర్ట్స్ కారు తెచ్చాడు. ఇంజిన్‌కు పెట్రోలూ గాలీ కలిపి అందించే దాని రెండు కార్బురేటర్లూ అరిగిపోయాయి.

"అచ్చం అలాంటి జతే సంపాదించానండి. అంబాసిడర్‌ది ఒక్కటి పెట్టినా నడుస్తుందంటున్నారు. ఏది మంచిదో మీరే తేల్చాలి."

నాయిన ఆ జత బిగించి ఇంజిన్ స్టార్ట్ చేశాడు. గొట్టం ఒక కొస కార్బురేటర్ నోటి దగ్గర, రెండో కొస చెవిలో. రెండూ గాలి పీల్చే బుస సమానంగా వినబడేదాకా స్క్రూలు తిప్పాలి. చాలాసేపు విన్నాడు. చెవి మార్చి విన్నాడు. చివరికి నన్ను పిలిచి గొట్టం నా చెవిలో పెట్టాడు.

"రెండూ ఒక్కతీరుగ ఉన్నయా బిడ్డా?"

ఒకటి గట్టిగా బుసకొడుతోంది, రెండోది సన్నగా. ఎనిమిదేళ్ల నాకే తెలిసిపోయింది.

"లేవు నాయినా."

ఇంజిన్ ఆపేశాడు. పెద్దాయనతో, "ఈ జత మంచిగ లేదు సార్. అంబాసిడర్‌దే పెడత" అన్నాడు. ఆ జతలో ఏ లోపమూ లేదు, స్క్రూలు తిప్పితే సరిపోయేది; ఒక్కటే ఉంటే బుసలు పోల్చి వినే పని ఉండదు.

ఇంటికి నడుస్తూ, "మీ అమ్మకు చెప్పకు" అన్నాడు.

సరేనన్నాను. ఆయనకు వినబడలేదు. ఆగి, నా మొహంలోకి చూస్తూ మళ్లీ అదే మాట అన్నాడు.