మెక్సికో పెద్దాయనకు నేనిచ్చిన బాల్యం

బతికున్న ఒక పెద్దమనిషికి నేను కొత్త బాల్యం కట్టబెట్టి, నిండు సభలో ఆయన ఎదుటే వినిపించాను. ఆ రోజు నా ఉద్యోగం, వీసా, పరువు మూడూ ఒకే మైకుకు వేలాడుతున్నాయి. మూడింటినీ నేనే ఊపాను. మీరు నవ్వుకోవడానికే చెబుతున్నాను, మొహమాటపడకండి.

రెండువేల సంవత్సరం వచ్చిన కొత్త. ఆ ఏడు పుట్టే అర్ధరాత్రి కంప్యూటర్లన్నీ కుప్పకూలకుండా చూడమని, అడిలైడ్‌లో మాసన్ లేక్స్ టెక్నాలజీ పార్కులోని ఒక కంపెనీ నన్ను తెనాలి నుంచి రప్పించింది. అర్ధరాత్రి దాటింది. ఒక్క కంప్యూటరు కూడా తుమ్మలేదు. ఆఫీసంతా సంతోషించింది, నేను తప్ప. ఇక నాతో వాళ్లకేం పని? కుర్చీలో నిలకడగా కూర్చోలేను, లేచి ఎక్కడికీ పోలేను. కాఫీ మెషీన్ దాకా వెళ్లి కాఫీ తెచ్చుకోకుండానే తిరిగొచ్చేవాణ్ణి. మా బాస్ గ్రెగ్ ఇటు చూస్తే చాలు, కీబోర్డు మీద ఏదో ఒకటి టకటకా కొట్టేవాణ్ణి. నా వీసా ఆయన సంతకం మీద నడుస్తోంది మరి.

అప్పుడే మా కంపెనీకి కొత్త ఆఫీసు కట్టాలన్న ముచ్చట పుట్టింది. మెక్సికో నుంచి దోన్ రమీరో అనే ఆర్కిటెక్టును పిలిపించారు. డెబ్భై దాటిన మనిషి, ఎత్తైన మట్టిరంగు గోడలకీ వాటి మధ్య ఖాళీ ముంగిళ్లకీ పేరుపడ్డవాడు. ముందు యూనిలో, అంటే ఇక్కడి యూనివర్సిటీలో, ఉపన్యాసమిచ్చి, ఇక్కడి మనుషుల్ని చూసి, అప్పుడు కట్టాలో లేదో చెబుతానన్నాడట. ఆయన్ని సభకు పరిచయం చెయ్యడానికి ఒకరు కావాలి. పనిలేనివాణ్ణి నేనే. గ్రెగ్ అడగడం పూర్తికాకముందే ఒప్పేసుకున్నాను. నా వల్ల కూడా ఉపయోగముందని చూపించుకోవడానికి దేవుడిచ్చిన అవకాశం అనుకున్నాను.

ఆయన పంపిన వివరాలు రెండే వాక్యాలు: ఫలానా ఊళ్లో పుట్టాడు, ఇళ్లు కడతాడు. నా పక్క సీటు సలీం భాయ్‌ది మలక్‌పేట. ఆయన అది చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"గా రెండు లైన్లు చదివి దిగు జాన్ భాయ్. నీకిచ్చింది రెండు నిమిషాలే."

"అంత పెద్దాయన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తే మర్యాదేనా భాయ్? మనల్ని చూసి నవ్వరూ?"

"ఎక్కువ మాట్లాడితెనే నవ్వుతరు."

ఆయనకేం తెలుసు! నేను తెనాలి చర్చిలో, యువజన కూడికల్లో, దేవుడు తమ బతుకెలా మార్చాడో లేచి చెప్పే సాక్ష్యాలు వింటూ, చెబుతూ పెరిగినవాణ్ణి. సాక్ష్యానికి ఒక పద్ధతుంది. మొదటి సగంలో ఎంత కష్టముంటే రెండో సగంలో అంత మహిమ. కష్టం లేని సాక్ష్యానికి మావాళ్లు ఆమెన్ కూడా సగం నోటితోనే అంటారు. ఈ పెద్దాయనకి మహిమ దండిగా ఉంది, కష్టమే ఎక్కడా రాసి లేదు. రాయడం మరిచిపోయి ఉంటారులే అని నేనే కలిపాను.

మైకు ముందుకెళ్లేదాకా చేతిలో కాగితాన్ని మడుస్తూ విప్పుతూ ఉన్నాను. ఆ తర్వాత నన్ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. దోన్ రమీరో పూరిగుడిసెలో పుట్టాడన్నాను. తండ్రి ఇటుకలు మోసేవాడన్నాను. ముందు వరసలో ఒక ప్రొఫెసరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. అంతే, నాకు ఊపొచ్చింది. పెద్దాయన్ని వీధిదీపం కింద చదివించాను, ఏరు ఈదించి బడికి పంపాను, తల్లి చేత గాజులు అమ్మించాను. కారుతున్న కప్పు కింద వణికిన పిల్లాడు కాబట్టే అంతంత గోడలు కట్టాడని తేల్చాను. సలీం భాయ్ తల వంచుకుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ఆయన వేసుకొచ్చింది చెప్పులు.

చప్పట్ల మధ్య పక్కకి చూశాను. పెద్దాయన కూతురు నా మాటల్ని ఒక్కటీ వదలకుండా ఆయన చెవిలో స్పానిష్‌లో చెబుతోంది. ఆయన కళ్లు నా మీదే ఉన్నాయి.

ఆయన నెమ్మదిగా లేచాడు. ఈసారి కూతురు ఆయన మాటల్ని ఇంగ్లీషులో చెప్పింది. తన తండ్రిది సిమెంటు ఫ్యాక్టరీ అట. వాళ్లింట్లో ఉన్నన్ని దీపాలు వీధి మొత్తం మీద కూడా లేవట. బడికి కారులో వెళ్లేవాడట. ఆ సిమెంటు చెల్లడానికే ఏళ్ల తరబడి ఎత్తెత్తు ఆఫీసులు కట్టాడు. నలభై దాటాక చూసుకుంటే, తను కట్టినవాటిలో తనే కాసేపు స్థిమితంగా కూర్చోలేకపోయాడు. అన్నీ వదిలేసి మట్టి గోడ, నీడ, కూర్చోవడానికింత చోటు కట్టడం మొదలుపెట్టాడు. తండ్రి మళ్లీ ఆయనతో మాట్లాడలేదు.

"ఈ అబ్బాయిచ్చిన తండ్రి ఇటుకలు మోశాడు" అన్నాడు నన్ను చూపిస్తూ. "అలాంటి తండ్రయితే నా గోడలు చూడ్డానికి ఒక్కసారైనా వచ్చేవాడు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడాయనే ముందు నవ్వాడు. మిగతాది కూడా నన్నే చెప్పమన్నాడు, తను ఎలా పోతాడో తెలుసుకోవాలని ఉందట. హాలంతా పగలబడి నవ్వింది. నేను కుర్చీ ఎక్కడుందో వెతుక్కున్నాను.

సోమవారం గ్రెగ్ పిలిచాడు. నేను అప్పటికే డ్రాయరు ఖాళీ చేసుకుని వెళ్లాను. పెద్దాయన బిల్డింగుకి ఒప్పుకున్నాడని చెప్పి, నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"మేట్, ప్రోగ్రామర్లు ఇక మాకు అక్కర్లేదు" అన్నాడు. నేను తలుపు వైపు చూశాను. "కానీ లేనిదాన్ని ఉన్నట్టు అంత నమ్మకంగా చెప్పేవాడు మా సేల్స్‌లో ఒక్కడూ లేడు. ఈ ఆర్వో, ఈ మధ్యాహ్నం నుంచే పైఫ్లోరులో సేల్స్‌కి వెళ్లు."

అందుకే బైబిలు మీద చెయ్యేసి చెబుతున్నాను. ఇక ఎవరిని పరిచయం చేసినా పేరూ ఊరూ దాటి ఒక్క మాట ఎక్కువ పలకను. మా సాఫ్ట్‌వేరుకి మాత్రం ఈ ఒట్టు వర్తించదు. గ్రెగ్ ఒప్పుకోడు.