వెనక సంతకం లేని ఓట్లు

మొన్న శనివారం పొద్దున అమెరికాలోని ఇర్వింగ్‌లో మా వంటింట్లో లక్క కాలిన వాసన వచ్చింది. పన్నెండేళ్ళ మా అన్వి పుట్టినరోజు పిలుపులకి లక్క ముద్రలు వేస్తానని ఆన్‌లైన్‌లో ఒక చిన్న పెట్టె తెప్పించుకుని, చెంచాలో ఎర్ర లక్క వేసి కొవ్వొత్తి మీద కరిగిస్తోంది. కాఫీ కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది. డైనింగ్ టేబుల్ ఆ చివర కూర్చున్న మా అమ్మ కూడా తలెత్తింది. ఆవిడ ముందు పోస్టులో వచ్చిన బ్యాలెట్ కవరు ఉంది. ఇక్కడి సిటిజన్ అయ్యాక ఆవిడ వేయబోతున్న మొదటి ఓటు అది. "అమ్మమ్మా, స్మెల్ చూడు, సో కూల్ కదా," అంది అన్వి. అమ్మ వంకరపోయిన కుడిచేతి వేళ్ళని చీర కొంగులోకి దాచుకుంటూ "ఓట్ల పెట్టె వాసన," అని మాత్రం అంది. ఏం పెట్టె అని పిల్ల అడిగితే నేను కాఫీ తెచ్చి అమ్మ ముందు పెట్టాను.

ఎనభైల చివర్లో, అనంతపురం జిల్లాలో మా ఊరి చలికాలమంటే వేరుశెనక్కాయల కాలం. ఇళ్ళ ముందు పెరికిన చెట్ల కుప్పలు, ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చికాయల ఆవిరి, జొన్నరొట్టెలోకి శెనక్కాయలు, మిరపకాయలు కలిపి దంచే ఊరిబిండి ఘాటుకి వీధంతా తుమ్ములు, సీతాఫలం గింజలు ఎవరు ఎక్కువ దూరం ఉమ్ముతారని పందేలు, దీపావళి నాడు కాల్చకుండా దాచుకున్న నాలుగు కాకరపువ్వొత్తులు. నాన్న గుంతకల్లు రైల్వేలో పనిచేస్తూ వారానికొకసారి వచ్చేవాడు. అమ్మ హైస్కూల్లో లెక్కల టీచరు. సాయంత్రం రేడియో వార్తలు వచ్చేవేళకి చేతిలో పనంతా ఆపేసి చెవి అటు పడేసేది. ఎక్కడో యూరప్‌లో జనం సుత్తులు పట్టుకుని గోడ పగలగొడుతున్నారనీ, ఇంకేవో దేశాల్లో ఇన్నేళ్ళకి జనం వరసల్లో నిలబడి ఓట్లు వేస్తున్నారనీ చెబుతుంటే, "సూడే, లోకమంతా ఓటు కోసం వీధిలోకొస్తాంది," అని మురిసిపోయేది. మా దగ్గర మాత్రం ఓట్లు వస్తున్నాయంటే ఆడవాళ్ళు నెలకి సరిపడా బియ్యం, మందులు తెచ్చిపెట్టుకుని తలుపులకి అడ్డగడియలు సరిచూసుకునేవాళ్ళు.

పిల్లలం మేమేం తక్కువ తినలేదు. మా ఆటలు కూడా అవే. రెండు పార్టీలుగా విడిపోయి, బూడిదలో పొర్లించిన మట్టి ఉండలు నాటుబాంబులనీ, జొన్నసొప్ప కట్టెలు వేటకొడవళ్ళనీ అనుకుని ఒకళ్ళనొకళ్ళం నరుక్కునేవాళ్ళం. చచ్చినవాడు ఎన్ని అంకెలు లెక్కపెట్టేదాకా కదలకుండా పడుండాలన్న దాని మీద నిజం కొట్లాటలు జరిగేవి. దూరంగా ఏదన్నా పేలితే అది పండగ బాంబో నాటుబాంబో చప్పుడుని బట్టి చెప్పగలిగేవాళ్ళం. అందులో అందరికంటే నేనే ముందు, చెప్పడంలోనూ అరవడంలోనూ. ఊళ్ళో నా పేరు వసపిట్ట.

ఆ ఏడు అమ్మని పక్క మండలంలో ఒక పల్లెలో ఆడవాళ్ళ పోలింగ్ బూత్‌కి ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. ఏడేళ్ళ నన్ను వదిలిపెట్టి పోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ స్కూల్లో ఆయా ఓబులమ్మకి కూడా అదే బూత్‌లో డ్యూటీ పడడంతో, "పిల్లను నేను జూసుకుంటాలే టీచరమ్మా," అంది ఆవిడ. ఓబులమ్మ చేతులు ఎప్పుడూ సున్నం, తమలపాకు వాసన వేసేవి. నాకు జడ వేసింది, ఈత నేర్పింది, తేలు కుట్టినప్పుడు నన్ను భుజాన వేసుకుని మైళ్ళు నడిచింది. అమ్మకి చెల్లెళ్ళు లేరు. ఉండుంటే ఓబులమ్మంత దగ్గరయ్యేవాళ్ళు కారేమో.

తెల్లవారగానే ఆ పల్లె స్కూల్లో అమ్మ ఇనపపెట్టెని బోర్లించి ఖాళీగా ఉందని అందరికీ చూపించి, మూత బిగించి, దారం కట్టి, కొవ్వొత్తి మీద లక్క కరిగించి ఇత్తడి ముద్ర నొక్కింది. ఆ వాసన అప్పుడే ముక్కుకి పట్టింది. తర్వాత బ్యాలెట్ కాగితాల వెనక సంతకాలు మొదలుపెట్టింది. మిగతా ఆఫీసర్లు పని తొందరగా తెమలాలని ముందురోజే పుస్తకాలు పుస్తకాలు సంతకం చేసి పడేసేవాళ్ళు. మా అమ్మ మొండిది. పదంటే పదే పెట్టేది, ఆ పదీ అయిపోతే మళ్ళీ పది. ఎందుకమ్మా అంటే, "వెనక నా సంతకం లేకుంటే అది చిత్తుకాయితమే. సంతకం పెట్టి కుప్ప పోస్తే ఎవడైనా ఎత్తుకపోతాడు," అంది. ఆ మాట నాకు తెగ నచ్చింది. ఓబులమ్మకి రెండుసార్లు పాఠంలాగా అప్పజెప్పాను కూడా.

పదకొండు గంటలవుతుండగా వీధి చివర బాంబు పేలింది. నాటుదే. నేను నోరు తెరిచి చెప్పేలోపల రెండోది స్కూలు గేటు దగ్గర పడింది. వరసలో చంకన బిడ్డలతో నిలబడిన ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. ఒక ముసలామె చెంపలో బాంబులోని మేకు దిగబడి, నోటి నుంచి రక్తం కారుతుంటే కూడా చీటీ గుప్పిట్లోనే పట్టుకుని కూర్చుంది. కాపలాకి ఉన్న ఒకే ఒక్క కానిస్టేబులు గోడ దూకి పోయాడు. పొగలోంచి మొహాలకి తువ్వాళ్ళు చుట్టుకున్న ఎనిమిదిమంది కొడవళ్ళతో లోపలికొచ్చారు. అవతలి పార్టీ ఏజెంటుగా కూర్చున్న పిల్లని, ఇరవై కూడా నిండాయో లేదో, జుట్టు పట్టుకుని గడప మీదుగా ఈడ్చుకుపోయి బయట కట్టెలతో కొట్టారు. ఆ పిల్ల కేకలు కాసేపటికి మూలుగులయ్యాయి, తర్వాత అవి కూడా లేవు. బతికిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకడు కొడవలి అమ్మ భుజం మీద ఆనించి, "నీతో మాకు పన్లేదు టీచరమ్మా, బుక్కులిచ్చేసి పక్కన కూకో," అన్నాడు. అమ్మ ఇచ్చేసింది. ఇద్దరు చించుతున్నారు, ఇద్దరు వాళ్ళ గుర్తు మీద ముద్ర గుద్దుతున్నారు, ఇంకొకడు మడిచి పెట్టె కంతలో కూరుతూ, పట్టకపోతే స్కేలుతో పొడుస్తున్నాడు. నేను ఆ కాగితాల వెనక్కే చూస్తున్నాను. అప్పటికి పెట్టిన పదీ అయిపోయాయేమో, అన్నీ తెల్లగా ఉన్నాయి. ఒక్కదాని మీదా అమ్మ సంతకం లేదు! ఇంత పెద్దవాళ్ళకి ఇంత చిన్న సంగతి తెలియదా అని నా ఆశ్చర్యం. క్లాసులో జవాబు తెలిసినట్టు చెయ్యెత్తాను. "అమ్మా, వాటి ఎనక..."

అమ్మ చెయ్యి నా మొహం మీద పడింది. ఆవిడ నన్ను కొట్టడం అదే మొదలు. పెదవి చిట్లి పాలపన్ను ఊడి ఒళ్ళో పడింది. ఓబులమ్మ నన్ను లాక్కుని, తన అరచేత్తో నా నోరు మూసి, కడుపులోకి అదుముకుంది. కొడవలివాడు నవ్వి, "పసిపిల్లనెందుకు కొడ్తావు టీచరమ్మా, పాపం!" అన్నాడు. బయట ఆ పిల్ల పడి ఉంది, వీడికి నా మీద జాలి. వాళ్ళు పోయాక జీపులో వచ్చిన ఆఫీసరుకి అమ్మ జరిగిందంతా చెబితే, ఆయన వాచీ చూసుకుంటూ, అన్ని చోట్లా ఇంతే మేడమ్, పెట్టె ఎక్కించండి అన్నాడు. అమ్మ మళ్ళీ కొవ్వొత్తి వెలిగించి కంత మీద లక్క పోసింది.

ఓట్లు లెక్కపెట్టిన రోజు మా పెట్టెలో కుప్పలకి కుప్పలు చెల్లనివని పక్కన పడేశారు. పొద్దున పడిన అసలు ఓట్లే లెక్కకొచ్చాయి. వాళ్ళ మనిషి ఓడిపోయాడు, అదీ కొద్దిలో. టీచరమ్మ బెదిరిపోయి సంతకాలు మరిచిపోయిందట అని ఊళ్ళో నవ్వుకున్నారు. పైవాళ్ళు నిర్లక్ష్యమని మెమో ఇచ్చారు. అమ్మ తలదించుకుని తీసుకుంది. ఆ మతిమరుపు మాటే తనకి రక్ష అని ఆవిడకి తెలుసు. నాకు తెలియదు.

స్కూల్లో నా స్నేహితులే, "మీ అమ్మకు సంతకం బెట్టేది గూడ రాదంట," అని చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. లెక్కల్లో జిల్లాకే పేరున్న మా అమ్మని అంటారా? "యాం గాదు! మాయమ్మ కావాలనే పెట్టల్యా. నేను చెప్పబోతే నన్ను కొట్టింది, కావాలంటే నా పన్ను సూడండి!" అని ఊడిన పన్ను సందు అందరికీ చూపించాను. గెలిచాననుకున్నాను. ఆ రోజు ఇంటికెళ్ళి మూడు రొట్టెలు తిన్నాను.

ఆ ఆదివారం పొద్దున అమ్మ పెరట్లో ఊరిబిండి దంచుతుంటే నలుగురు వచ్చారు. ఈసారి తువ్వాళ్ళు లేవు. "కావాలనే పెట్టలేదంట గదా?" అన్నాడొకడు. "ఎవరు జెప్పినారు?" అంది అమ్మ. "ఆ పొద్దు మీతో ఉండినోళ్ళే." ఇద్దరు అమ్మని మోకాళ్ళ మీద కూలదోసి, కుడిచెయ్యి రోటి అంచున పరిచి పట్టుకున్నారు. "సంతకం బెట్టని చెయ్యి ఉంటే ఎంత, లేకుంటే ఎంత!" అంటూ వాడు అదే రోకలి ఎత్తాడు. ఎన్నిసార్లు వేశాడో లెక్కపెట్టలేదు. అమ్మ మొదటి దెబ్బకే అరిచింది, తర్వాత అరవలేదు. నేను గుమ్మం వెనక రెండు చేతులూ నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. రోట్లో శెనక్కాయల పొడి ఎర్రగా తడిసింది. ఊరిబిండి నేను ఇప్పటికీ తినలేను.

'మీతో ఉండినోళ్ళే' అన్న మాట అమ్మ మనసులో పాతుకుపోయింది. ఆ పొద్దు మాతో ఉండి, సంగతి తెలిసిన పెద్దవాళ్ళంటే ఓబులమ్మ ఒక్కతే. ఆవిడ ఆసుపత్రికి రోజూ రాగిసంగటి పట్టుకొచ్చేది, అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. మాకు వేరే ఊరికి బదిలీ అయి బస్సెక్కుతుంటే ఓబులమ్మ ఉడకబెట్టిన శెనక్కాయల మూట తెచ్చి కిటికీలోంచి ఇచ్చింది. "నేనేం తప్పు జేసినా టీచరమ్మా?" అని ఏడ్చింది. అమ్మ ఆ మూట నా చేతే వెనక్కి ఇప్పించింది. వేడిగా ఉంది. చెప్పేద్దామని నోరు తెరిచాను, అమ్మ కట్టు కట్టిన చెయ్యి చూసి మూసుకున్నాను. వసపిట్టనని పేరున్న నేను అప్పటినుంచి ఆ ఒక్క మాట దగ్గర మూగదాన్నయ్యాను. పిరికిదాన్ని, అంతే. ఏళ్ళ తర్వాత జబ్బుచేసి ఓబులమ్మ కబురు పంపిందని విన్నాం. అమ్మ పోలేదు. ఆ జబ్బుతోనే ఆవిడ చనిపోయింది.

ఇప్పుడు మా ఊళ్ళో ఓట్లకి మిషన్లు వచ్చాయి. ఆ ఇనపపెట్టెలు లేవు, కాగితం వెనక సంతకాలు లేవు, బాంబు చప్పుడు ఆనవాలు పట్టే పిల్లలూ లేరట. మేలే. ఆ శనివారం అన్వి ముద్రల పని ముగించి ఆడుకోవడానికి పోయాక, అమ్మ నన్ను హాల్లోకి పొమ్మని, ఒక్కతే కూర్చుని తన ఓటు గుర్తించి, కవర్లో పెట్టి అంటించి అప్పుడు పిలిచింది. "యాడ బెట్టాల సంతకం?" అంది. మూత మీద గీత చూపించి, అక్కడ పెట్టకపోతే ఓటు చెల్లదు అన్నాను. ఆవిడ నవ్వింది. ఎడమచేత్తో పెన్ను పట్టుకుంది. ఇక నా వల్ల కాలేదు.

"అమ్మా, ఆ పొద్దు చెప్పింది ఓబులమ్మ కాదు. నేనే. స్కూల్లో."

అమ్మ కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. పెన్నుకి మూత పెట్టి, నా పన్ను ఊడినవైపు చెంపని చూసింది. తర్వాత, "నా చెయ్యి పోతే పోనీలే," అంది. "ఓబులమ్మను ఏడిపించి పంపినా గదే. అది దినామూ ఎత్తుకొచ్చిన కూడు గూడ నేను తినకపోతి."

ఓటు కవరు పక్కకి నెట్టేసి తెల్లకాగితం అడిగింది. బ్యాలెట్ పంపడానికి గడువుందమ్మా అంటే, "ఉండనీ," అంది. ఎడమచేత్తో, ఒకటో తరగతి పిల్లలా పెద్ద పెద్ద అక్షరాలతో నాలుగు వరసలు రాయడానికి మధ్యాహ్నమయింది. కింద పూర్తి పేరుతో సంతకం పెట్టి, మడిచి, అన్వి వదిలేసిన కవర్లలో ఒకదాంట్లో పెట్టింది. పిల్ల లక్క చెంచా తనే కొవ్వొత్తి మీద పట్టి మూత మీద పోసింది. ఆ వాసన మళ్ళీ వంటిల్లంతా నిండింది. ముద్ర నొక్కాక కవరు తిప్పి పెన్ను అందుకుని, "ఓబులమ్మకు ఒక కూతురుండాల. యా ఊర్లో ఉంది?" అని అడిగింది.

నాకు తెలియదు. ఆ పిల్ల పేరు కూడా మా ఇద్దరికీ గుర్తు లేదు.