గోడకుర్చీ దిగని కృష్ణప్ప

దెయ్యాలంటే నాకు నవ్వొస్తాది. పుంగనూరులో శ్మశానం గోడ పక్కనే నాలుగేండ్లు కాపురముండి హాయిగా నిద్రపోయినోణ్ణి. ఇది దెయ్యం కతని కూడా నేను అనను. ఏమనాలో తెలీకనే రాస్తాండాను.

డెబ్బైల చివర్లో మదనపల్లెలో టీచర్ ట్రైనింగ్ వాళ్లకు సైకాలజీ చెప్పేవాణ్ణి. అమెరికాలో ఒక ప్రొఫెసరు కాలేజీ కుర్రోళ్లలో కొందరిని ఖైదీలు, కొందరిని వార్డర్లు చేసి జైలాట ఆడిస్తే, వార్డర్లు నిజంగానే రాక్షసులైపోయినారని ఒక పుస్తకంలో చదివినా. నాకు ఒళ్లు మండింది. కటువుగా ఉండమని ముందే చెవిలో ఊదితే ఉండరా? మంచిగా ఉండిన వార్డర్ల మాటేంది? వేషం మనిషిని మింగేస్తాదనేది వట్టి కోతలని క్లాసులో తీసిపారేసినా. అంతటితో ఊరుకోవచ్చు గదా. రుజువు చేస్తానన్నా.

పుంగనూరులో ఒక బడి వేసవి సెలవులకు ఖాళీగా ఉండింది. ఎనిమిది మంది ట్రైనీలను తీసుకుపోయినా. చీట్లు వేస్తే హెడ్మాస్టరు వేషం మునిరత్నానికి వచ్చింది. పాపం, గట్టిగా మాట్లాడడం కూడా తెలీనోడు. మిగతా ఏడుగురూ మూడో తరగతి పిల్లోళ్లు. ఎట్ల నడుచుకోవాలో ఎవరికీ చెప్పలేదు. నేను వెనక బెంచీలో నోటుబుక్కు పెట్టుకొని కూర్చున్నా.

పదిన్నరకు, నవ్వినాడని కృష్ణప్ప చేత మునిరత్నం గోడకుర్చీ వేయించినాడు. కృష్ణప్పది కుప్పం పక్క పల్లె. వీపు గోడకు ఆనించి, కింద కుర్చీ లేకుండానే కూర్చున్నట్టు మోకాళ్లు వంచి ఉండాల. ఐదు నిమిషాలు ఉండడమే గగనం. అందరూ నవ్వినారు. పది నిమిషాలకు నవ్వు ఆగిపోయింది. కృష్ణప్ప తొడలు వణకతా ఉండాయి, లేవడు.

మునిరత్నం భయపడి వేషం వదిలేసినాడు. ఆట అయిపోయింది, లెయ్యప్పా అని బతిమాలినాడు. ఇద్దరు రెక్కలు పట్టి లాగితే కృష్ణప్ప విదిలించుకున్నాడు.

నేను లేచి అరిచినా. నాకు బాగా గుర్తుండాది. లెయ్ కృష్ణప్పా, లెయ్ అని గొంతు చించుకున్నా. వాడు నన్నే చూస్తా అట్లే ఉండాడు. పన్నెండు దాటినాక పక్కకు ఒరిగి పడిపోయినాడు. ఎడమకాలు మళ్లీ సరిగా రాలేదు.

ఆసుపత్రి దావలో మునిరత్నం ఏడస్తా అడిగినాడు.

"మీరు యాల నోరు తెరవలేదు సార్?"

వాణ్ణి తిట్టినా. మిగతా వాళ్లను అడిగితే తలలు వంచుకున్నారు. మీరు బెంచీ మీద నుంచి లేవనే లేదు సార్, రాసుకుంటానే ఉంటిరి అన్నారు. నోటుబుక్కు తీసి చూసినా. ఐదు నిమిషాలకొకసారి టైమేసి, ఇంకా లేవలేదు, ఇంకా లేవలేదు అని రాసుండాది. నా రాతే. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు.

సిగ్గుతో చచ్చిపోయినా. నేను కోతలన్నదే నిజమై, రాసుకునేవాడి వేషం నన్ను మింగిందని సర్దిచెప్పుకున్నా. అంతవరకు సైకాలజీలో ఉండాది.

ఎనభైల్లో కుప్పం రైల్వే స్టేషన్లో కృష్ణప్ప కనబడినాడు. బడిలో అయ్యవారుగా చేస్తాండాడు, కాలు ఈడ్చుకుంటా నడుస్తాండాడు. ఆ పొద్దు నోరు తెరవనందుకు క్షమించప్పా అన్నా. వాడు ఆశ్చర్యంగా చూసినాడు.

"మీరు అరిస్తిరి గదా సార్, నా చెవి పక్కనే. లేస్తివా సూడు, కాళ్లు ఇరగ్గొడతా అని."

బడిలో ఆట ఆడించిన సాయంత్రం గొంతు బొంగురుపోయి ఇంటికి వచ్చినానని, రెండు రోజులు మాటే రాలేదని మా ఇంటామె ఇప్పటికీ చెప్తాది. ఏడుగురికి వినబడని అరుపుకు గొంతెట్ల పోతాదో నాకు తెలీదు. ఏమని అరిచినానో అంతకన్నా తెలీదు.